మెమరీ తగ్గిస్తే బిల్లు తగ్గుతుందా?

ఈ సంచిక ముఖ్య కథనం సర్వర్‌లెస్ ఫంక్షన్ల ఖర్చు గురించి. 2014 నవంబరులో అమెజాన్ ఇలాంటి ఫంక్షన్లను నడిపే లాంబ్డా సేవను ప్రకటించినప్పుడు, వాడుకున్నంతకే డబ్బు అన్న మాట చిన్న కంపెనీలకు పెద్ద ఊరట. ఆ వాడకాన్ని ఎలా లెక్కకడతారో మాత్రం చాలామంది ఇప్పటికీ పట్టించుకోవడం లేదు.

ఫంక్షన్‌కు కేటాయించిన మెమరీని అది నడిచిన సమయంతో గుణించి బిల్లు వేస్తారు. అందుకని పొదుపు పేరుతో మెమరీని కనిష్ఠమైన 128 ఎంబీ దగ్గరే వదిలేస్తుంటారు. కానీ లాంబ్డాలో ప్రాసెసర్ వాటా కూడా మెమరీని బట్టే పెరుగుతుంది; 1,769 ఎంబీ దగ్గర ఒక పూర్తి వర్చువల్ సీపీయూ దక్కుతుంది. 128 ఎంబీతో 8 సెకన్లు పట్టే ఫొటో కుదింపు 1,024 ఎంబీతో ఒక్క సెకనులో ముగిసిందనుకోండి. గుణకారం ఒకటే, సమయానికి పడే ఖర్చూ ఒకటే. తెర ముందు ఎదురుచూసే మనిషికి మాత్రం ఏడు సెకన్లు మిగిలాయి. నా దృష్టిలో అసలు లాభం అదే.

అన్ని పనులూ ఇలా ఉండవు. డేటాబేస్ జవాబు కోసం కాచుకు కూర్చునే ఫంక్షన్‌కు మెమరీ పెంచడం దండగ. అక్కడ సరిచేయాల్సింది క్వెరీని. 2020 డిసెంబరు నుంచి బిల్లుకు సమయం లెక్క 100 మిల్లీసెకన్ల ముక్కల్లో కాక ఒక్కో మిల్లీసెకనుకూ జరుగుతోంది. కాబట్టి చిన్న సవరణకూ ఫలితం ఉంటుంది.

అలెక్స్ కాసల్బోని రూపొందించిన లాంబ్డా పవర్ ట్యూనింగ్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఒకే ఫంక్షన్‌ను వేర్వేరు మెమరీలతో నడిపి, సమయాన్నీ ఖర్చునూ పక్కపక్కన చూపుతుంది. తప్పక వాడి చూడండి. పరీక్షకు మీ అసలు డేటా పరిమాణంలోనే ఇన్‌పుట్ ఇవ్వండి. రెండు వరుసల నమూనాతో వచ్చిన లెక్కను నమ్మకండి.