టీకాకు వచ్చిన తల్లినీ పలకరించాలి

షార్జాలోనో అజ్మాన్‌లోనో కాపురముంటున్న తెలుగు అమ్మాయికి పుట్టింటి పురుడు అన్నిసార్లూ కుదరదు. ఉద్యోగం, బీమా ఇక్కడే ఉంటాయి కనుక అమ్మే విజిట్ వీసా మీద వచ్చి, పథ్యం వండిపెట్టి, బిడ్డకు నీళ్లుపోసి, గడువు తీరగానే వెళ్లిపోతుంది. యూఏఈ ప్రైవేటు రంగంలో భర్తకు దొరికే పేరెంటల్ సెలవు అయిదు పనిదినాలు. ప్రసూతి సెలవు 60 రోజులు, అందులో 45 రోజులకే పూర్తి జీతం. ప్రసవానంతర కుంగుబాటు తొలి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. బాలింతల్లో సుమారు 13 శాతం మందికి, ముఖ్యంగా కుంగుబాటు రూపంలో, మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అప్పటికి తల్లిని చూసే డాక్టరు ఉండకపోవచ్చు గానీ బిడ్డను రెండు, నాలుగు, ఆరు నెలల టీకాలకు ఎలాగూ తీసుకెళ్తారు. ఈ కుంగుబాటును పసిగట్టేందుకు 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిని అక్కడే, ఆమె భాషలోనే ఇవ్వాలి. పదే ప్రశ్నలు, అయిదు నిమిషాల పని. పక్కన భర్తో అత్తగారో కూర్చుని అనువదిస్తుంటే, చనిపోవాలనిపిస్తోందన్న మాట ఏ బాలింతా బయటపెట్టలేదు.

మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా అని పెద్దలు అడుగుతారు. ఉన్నాయి. కానీ అప్పుడు ఇంటినిండా మనుషులుండేవారు, అయినా కొందరి బాధ ఎవరికీ పట్టలేదు. అడిగి తెలుసుకున్నా వైద్యం చేసేవాళ్లేరీ అన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. దానికి రావల్పిండి పల్లెల్లో జవాబుంది. అక్కడ మామూలు ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణనిచ్చి కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. ప్రసవమైన ఆరు నెలలకు ఆ శిక్షణ పొందినవాళ్లు చూసిన తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది, మిగతా తల్లుల్లో అది 53 శాతం. 2008లో లాన్సెట్ ప్రచురించిన ఫలితమిది. ఏటా ఉగాది వేడుకలు నడిపే ఇక్కడి తెలుగు సంఘాలు వైద్యుల పర్యవేక్షణలో పదిమంది మహిళలకు ఇలాంటి శిక్షణ ఇప్పించలేవా? తీవ్రంగా ఉన్నవారికి మందులూ ఉన్నాయి, పాలిచ్చే తల్లులు వాడదగినవి వాటిలో కొన్ని.

బయటపడితే ఉద్యోగం, దాంతో వీసా పోతాయన్న భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే 2023 నాటి యూఏఈ మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటోందని ఆ ఇళ్లకు తెలియాలి. ప్రసవం వల్ల వచ్చిన జబ్బుతో పనికి వెళ్లలేకపోతే మరో 45 రోజులు జీతంలేని సెలవు పెట్టుకునే హక్కు కార్మిక చట్టంలో ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి, ఎవరూ అడగని జబ్బుకు ఆ కాగితం రాదు.