ఎత్తు పెరగటానికి డబ్బా కావాలా?

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి ఇలా వ్రాశారు:

"డాక్టరు గారూ! మా బాబుకు ఎనిమిదేళ్ళు. ప్రార్థనలో వాణ్ణి వరసకు అందరికంటె ముందు నిలబెడతారు. టీవీలో ప్రకటన చూసి ఏడాదిగా ఎత్తు పెంచే పొడి రోజుకు రెండుసార్లు పాలల్లో కలిపి ఇస్తున్నాను. నెలకు ఆరు వందలు అవుతోంది. ఆ ఖర్చు సర్దుకోలేక పాలు లీటరు నుంచి అరలీటరుకు తగ్గించాం. బాబు రోజూ తలుపు చట్రానికి వేలాడి, 'అమ్మా, నేనెప్పటికీ పొట్టివాడినేనా?' అని అడుగుతున్నాడు. వేరే కంపెనీ పొడి వాడమంటారా? మా వారు అయిదడుగుల మూడంగుళాలు, నేను నాలుగడుగుల పదకొండంగుళాలు. బాబు ఇప్పుడు 119 సెంటీమీటర్లు. కిందటేడు 113న్నర వుండేవాడు."

అమ్మా! మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే వుంది. అయిదేళ్ళు నిండిన దగ్గరనుంచి యుక్తవయసు వచ్చేవరకూ పిల్లలు సాధారణంగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. మీ బాబు అయిదున్నర పెరిగాడు. అంటే సక్రమంగా పెరుగుతున్నాడన్నమాట. తల్లిదండ్రులు ఇద్దరూ కురచగా వున్నప్పుడు బిడ్డ తాటిచెట్టంత ఎదగాలని కోరుకోవటం న్యాయం కాదు. మనిషి ఎత్తులో ఎక్కువ భాగం పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. ఆపైన తిండి, నిద్ర, ఆటలు, జబ్బులు లేకపోవటం తోడ్పడతాయి. తలుపుకు వేలాడితే చేతులకు మంచి వ్యాయామమే గాని ఎత్తు పెరగదు.

మరి బాబుకు లేని జబ్బు మీ ఇంట్లోకి ఎలా వచ్చింది? ప్రకటన ద్వారా వచ్చింది. ప్రకటన తయారుచేసేవారు తెలివైనవారు. వాళ్ళు ముందుగా పొడిని అమ్మరు, భయాన్ని అమ్ముతారు. పక్కింటి పిల్లవాణ్ణి తెచ్చి మీ బిడ్డ పక్కన నిలబెడతారు. ఆ తరువాత మీ వంక చూసి, తల్లిగా చేయవలసింది మీరు చేస్తున్నారా అని మెత్తగా అడుగుతారు. భయం కొన్నవారు పొడి కొనకుండా వుండగలరా?

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. డబ్బాను వెనక్కు తిప్పండి. ముందువైపు కనిపించేవి కంపెనీవారి మాటలు. వెనుక చిన్న అక్షరాల్లో వుండేవి లెక్కలు. మామూలు మాల్టు పొడుల్లో 100 గ్రాములకు సుమారు 7 నుంచి 11 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. మీరు ఒకసారికి వేసే 20 గ్రాముల్లో వచ్చేది రెండు గ్రాములు! అదే ఒక గ్లాసు పాలల్లో ఆరు గ్రాములకు పైగా వుంటాయి. కోడిగుడ్డులోనూ దాదాపు అంతే. "పాలతో కలిపి ఇవ్వండి" అని డబ్బా మీద ఎందుకు వ్రాస్తారో తెలిసిందా? పని చేసేది పాలు, పేరు కొట్టేసేది పొడి. ఆ పొడికోసం మీరు పాలే తగ్గించారు!

ఇక చక్కెర సంగతి. డబ్బా వెనుక 100 గ్రాములకు 35 గ్రాముల కలిపిన చక్కెర అని వుందనుకోండి. రెండుసార్లకు కలిపి 14 గ్రాములు లోపలికి పోతుంది. ఈ వయసు పిల్లవాడికి రోజు మొత్తానికి 20 గ్రాములు దాటకపోతే మంచిది. పొడుల్లో ఇనుము, విటమినులు కలుపుతారన్నది నిజమే. కాని బిడ్డకు రక్తహీనత వుంటే రక్తపరీక్ష చేయించి మందు ఇవ్వాలి. పొడితో సరిపెట్టకూడదు.

"మరి హెల్త్ డ్రింక్ అంటున్నారు కదా?" అని మీరు అడగవచ్చు. 2006 నాటి మన ఆహార భద్రతా చట్టంలో "హెల్త్ డ్రింక్" అన్నదానికి నిర్వచనమే లేదు. అందుకే ఇటువంటి పానీయాలను ఆ శీర్షిక కింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

పేరు చూసి మోసపోతే డబ్బు పోవటంతో ఆగదు, ప్రాణం మీదికి రావచ్చు. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. సంగతే చూడండి. చక్కెర ఎక్కువగా వున్న పళ్ళ పానీయాలు ఆ మూడక్షరాలు పేరులో తగిలించుకొని మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. ఎక్కువ చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ అక్షరాలను అటువంటి పానీయాల పేర్లలో వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ప్యాకెట్టును, లీటరుకు చేసినదైతే సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీటిలో, మొత్తం కలపండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది.

ఇక మీరు చేయవలసినవి:

1. పొడి మార్చవద్దు, మానేయండి. పాలు మళ్ళీ లీటరు చేయండి. ఆ ఆరు వందల్లో ఇంకా మిగిలితే గుడ్లు కొనండి. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా వంద రూపాయలకు పద్నాలుగు వస్తాయి. గుడ్డు తినని ఇళ్ళల్లో పప్పు, పెరుగు, వేరుసెనగ ఉండలు పెట్టండి.

2. రాగిజావ మరవకండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంది. మన తాతలు దాన్ని ఏ ప్రకటనా చూడకుండానే తాగారు.

3. ప్రతి పుట్టినరోజుకూ బాబును గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీయండి, పక్కన తేదీ వేయండి. కొలవవలసింది పక్కింటి పిల్లవాడితో కాదు, కిందటేటి గీతతో.

4. ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్ వంటివి వున్నాయేమో పరీక్షిస్తారు. నులిపురుగుల మాత్ర బడిలో ఇచ్చినప్పుడు తప్పక వేయించండి.

5. ప్రకటన వచ్చినప్పుడు టీవీ కట్టేయనక్కరలేదు. బాబునే అడగండి: "ఇది చూపించి మనచేత ఏం కొనిపిద్దామనుకుంటున్నారు?" అని. పిల్లలు ఇట్టే పట్టేస్తారు. వాళ్ళకిదో మంచి ఆట!

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటుంది. "నేను పొట్టివాడినేనా?" అన్నప్పుడు బాబు చేతికి గ్లాసు అందించకండి. గ్లాసు అందిస్తే "అవును, నీలో లోపం వుంది" అని మీరు ఒప్పుకున్నట్టే. దగ్గరకు తీసుకొని గోడ మీది గీత చూపించండి. "నువ్వు నాన్నలా వున్నావురా, ఏడాదిలో ఇంత పెరిగావు" అని చెప్పండి. ఆ మాట ఏ డబ్బాలోనూ దొరకదు. దాన్ని ఇవ్వగలిగింది మీరే.