చపల పఠనము

మూడు నాలుగు నవలలను ఒకేమారు ముందుంచుకొని, దీనిలో ఇరువది పుటలు, దానిలో పది పుటలు చదివి, దేనియందును నిలువలేక తిరుగు పాఠకుని పెద్దలు మందలించుట పరిపాటి. చేపట్టిన గ్రంథమును తుదముట్ట చదువవలెనని బడిలో బోధింతురు. మాట మంచిదే. కాని ఆ చాపల్యము ఎల్లప్పుడును సోమరితనము కాదు. కారణమెరుగక దండించుట న్యాయమును కాదు.

తెలుగు నవల ఆదినుండియు విడివిడి భాగములుగా పాఠకుని చేరినది. కందుకూరి వీరేశలింగము రచించిన ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చినది. తరువాతి కాలమున వారపత్రికల ధారావాహికలు ఇంటింట ప్రవేశించినవి. ఒక కథను ఉత్కంఠలో విడిచి మరియొక కథలోనికి పోవుట, వారము తిరుగగానే మొదటిదానిని మరల అందుకొనుట తెలుగు గృహములకు అలవాటైన విద్యయే. అయితే అందొక కట్టుబాటుండెను: విడిచిన కథకు పాఠకుడు తిరిగి వచ్చెడివాడు. చేతిఫోను తెరపై క్షణక్షణము మారు దృశ్యముల వెంట పోవు మనస్సునకు తిరిగి రావలసిన చోటు లేదు. ఈ రెండు చాపల్యములును ఒక్కటి కావు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడవి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకొన్నవి. మొదటిది బృహద్గ్రంథము. దానియందు అలసిన విద్యార్థి రెండవదానిని తెరచినచో నష్టమేమి? సుబ్బన్నపేట కోటతోపాటు క్షీణించు ఒక జీవనవిధానమును ఒకరు చూపగా, జమీందారు కుమార్తె శారదతోడి దాంపత్యమునందు అంతరముల బాధను వేరొకరు చూపిరి. మందస జమీందారీపై రైతులు తిరుగబడగా 1940లో వీరగున్నమ్మ ప్రాణములర్పించిన నేల పలాసకు చేరువనే యున్నది. ఇచ్చటి విద్యార్థికి జమీందారీ దూరపు కథ కాదు. రెండు నవలలను పక్కపక్కన చదివినవానికి, ఒక్కదానినే చదివినవానికి తోపని ప్రశ్నలు తోచును. శ్రీకాకుళమున జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోని పిరికి సుబ్బయ్యను నడుమ పలుకరించి వచ్చినచో ధర్మారావు మరింత స్పష్టముగా కనబడును.

చాపల్యమునకు మరియొక మూలము కలదు. ఉద్దానమున దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను కుంగదీయుచున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. తండ్రిని డయాలిసిస్‌కు తోడ్కొనిపోవు పిల్లవానికి, సెలవులలో జీడిపప్పు పనికి పోవు బాలికకు మూడువందల పుటలు ఏకబిగిని చదువు తీరిక ఎక్కడిది? మనస్సు నిలుకడ లేనిదైనను పుస్తకమును వెదకుచున్నదనిన, అది నిందింపదగినది కాదు, ఆదుకొనదగినది.

ఉద్దానపు తోటలో కొబ్బరి, జీడిమామిడి, పనస ఒక్కచోటనే పెరుగును. జీడియు పనసయు వేసవిలో ఫలించును; కొబ్బరి ఏడాది పొడుగునను కాయును. రైతు కాపునుబట్టి ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునే గాని, కాపు లేనినాడు చెట్టును నరికివేయడు. పఠనమును అట్టిదే. నేడు రుచింపని నవల రెండేండ్ల తరువాత రుచింపవచ్చును.

కనుక ఉపాధ్యాయులు బీరువా తాళము తీయుటతో తృప్తిపడరాదు. సగము చదివి తెచ్చిన పుస్తకమును చూచి “ఏల ముగింపలేదు?” అని గద్దింపక, “ఎందాక చదివితివి? అచ్చట ఏల ఆగితివి?” అని అడుగవలెను. ఆ సమాధానమునుబట్టి తరువాతి పుస్తకమును ఎన్నుకొనుట సులభమగును. పుస్తకము మార్చుకొనుటకు వచ్చిన బాలుని వట్టిచేతులతో పంపుట మాత్రము తగదు. విద్యార్థులును ఒక నియమము పెట్టుకొనవలెను. ఆగిన పుటను గుర్తుంచుకొని, ఆగిన కారణమును ఒక్క వాక్యములో వ్రాసికొనవలెను. తెరచిన మూడింటిలో ఒక్కదానినైనను సెలవులు ముగియులోపల పూర్తిచేయవలెను. అంతవరకు జరిగిన తిరుగుడు వ్యర్థము కాదు. తనకు కావలసిన పుస్తకమేదో తెలియుటకు అది పాఠకునికి తోడ్పడును.