మూడు నెలల అప్పు: సర్కారుకు రూపాయిన్నర, కౌలురైతుకు ఆరు రూపాయలు

వేలం అంటే మన రైతుకు తెలిసినవి రెండు. ఒకటి పొగాకు వేలం కేంద్రం. బేలు మనది, ధర చెప్పేది కొనేవాడు. రెండోది బ్యాంకు వేలం. కుదువబెట్టిన నగ గడువు దాటితే పత్రికలో ప్రకటన వేసి అమ్మేస్తారు. మూడో వేలం ఇంకొకటుంది. సాధారణంగా ప్రతి బుధవారం రిజర్వు బ్యాంకు దాన్ని నడుపుతుంది. అక్కడ పాటకు పెట్టేది కేంద్ర ప్రభుత్వం చేసే స్వల్పకాలిక అప్పు. ఫలితాలు ఆ రోజే ప్రకటిస్తారు. వాణిజ్య పేజీలో ఓ మూల నాలుగు అంకెలు పడతాయి. రైతు సోదరులు ఆ పేజీ తిప్పేస్తుంటారు. ఒక్కసారి ఆగి చూడండి, ఆ అంకెల్లో మన కథ కూడా ఉంది.

ట్రెజరీ బిల్లు అంటే సర్కారు రాసిచ్చే ప్రామిసరీ నోటే. గడువులు 91 రోజులు, 182 రోజులు, 364 రోజులు. మన లెక్కలో మినుము పంట కాలం, పత్తి పంట కాలం, చెరకు తోట కాలం అనుకోండి. దీనికి వడ్డీ విడిగా ఇవ్వరు. నూరు రూపాయల నోటును తక్కువకు అమ్మి, గడువు నాటికి నూరూ చెల్లిస్తారు. బ్యాంకులు, ప్రైమరీ డీలర్లు, మ్యూచువల్ ఫండ్లు పాట పాడతాయి. ఎక్కువ ధర చెప్పినవారి నుంచి కిందికి దిగుతూ, కావలసిన సొమ్ము నిండినచోట గీత గీస్తారు. అదే కటాఫ్ ధర.

ఉదాహరణకు 91 రోజుల బిల్లు 98 రూపాయల 50 పైసలకు తెగిందనుకుందాం. సర్కారుకు పడిన వడ్డీ రూపాయిన్నర. ఏడాదికి లెక్కవేస్తే సుమారు 6.1 శాతం. అదే మూడు నెలలకు, అదే నూరు రూపాయలకు, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన కౌలురైతు కట్టేది ఆరు రూపాయలు. మూడు రూపాయల వడ్డీ అయితే తొమ్మిది. 2020లో కరోనా కాలాన ఈ 91 రోజుల బిల్లు రేటు 4 శాతం లోపలికి దిగింది. 2023లో 7 శాతం దరిదాపులకు ఎక్కింది. సర్కారు వడ్డీ దిగిన ఆ ఏడు ఊళ్లో షావుకారు ఒక్క పైసా తగ్గించాడా? అడిగి చూడండి.

గడువు తీరిన బిల్లును సర్కారు చాలావరకు కొత్త బిల్లు అమ్మిన సొమ్ముతోనే తీరుస్తుంది. దాన్నెవరూ మొండి బాకీ అనరు. మన రైతూ నోటు తిరగరాస్తాడు. వడ్డీ అసలులో కలుస్తుంది, అప్పు పెరుగుతుంది, పరువు పోతుంది. తిరగరాయడం ఒకటే గానీ, రాసే చెయ్యి వేరు.

"సర్కారు ఎగ్గొట్టదు, రైతుకిస్తే రాదు, అందుకే తేడా" అంటారు బ్యాంకు పెద్దలు. 2014-15 నుంచి 2022-23 దాకా తొమ్మిదేళ్లలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల రూపాయల బాకీలను ఖాతాల నుంచి కొట్టేశాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో సగానికి పైగా బడా పరిశ్రమలు, సేవా సంస్థలవే. ఇది మాఫీ కాదు, వసూలు ప్రయత్నం సాగుతుందని కూడా అంటారు. మరి వాళ్ల విషయంలో లేని భయం కౌలురైతు గుమ్మం దగ్గరే ఎందుకు పుట్టుకొస్తుంది?

ఇందులో రూల్సు చేసే పని చూడండి. బ్యాంకు తన డిపాజిట్లలో నూటికి 18 రూపాయలు సర్కారు పత్రాలు, నగదు, బంగారం రూపంలో ఉంచి తీరాలి. ట్రెజరీ బిల్లులు ఆ లెక్కలోకి వస్తాయి. వ్యవసాయానికీ రుణాల్లో నూటికి 18 లక్ష్యం ఉంది. మొదటిదాన్ని తప్పితే జరిమానా. రెండోదానికి పక్కదార్లున్నాయి. తక్కువపడిన సొమ్ము నాబార్డు నిధిలో జమ చేయొచ్చు, లేదా ఇంకో బ్యాంకు దగ్గర సర్టిఫికెట్లు కొనొచ్చు. కౌలురైతు చేతికి మాత్రం పైసా రాదు.

వడ్డీ రేటు దేవుడు రాసిన రాత కాదు. రిజర్వు బ్యాంకు నేరుగా కేంద్రానికి 4.6 శాతానికే అడ్‌హాక్ బిల్లుల మీద సొమ్ము సర్దిన రోజులున్నాయి. 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతిని ఎత్తేశారు. పాలకులు తమ అప్పు రేటును ఒక నిర్ణయంతో మార్చుకోగలిగినప్పుడు, రైతు అప్పు రేటును మార్చలేరా? పట్టా ఉన్నవాడికి పంట రుణం 7 శాతానికి, సకాలంలో కడితే 4 శాతానికి దొరుకుతోంది గదా! అంటే చేయగలరు. కౌలుదారుకు మాత్రం పట్టా అడ్డం. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన రుణ అర్హత కార్డుల చట్టం స్థానంలో 2019లో తెచ్చిన చట్టం, యజమాని సంతకం లేనిదే కౌలు పత్రం లేదంది. ఏ యజమాని పెడతాడు సంతకం? 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రలో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద అది 50.2 శాతమే.

కాబట్టి రైతు సంఘాలు అడగాల్సింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. యజమాని సంతకంతో పనిలేకుండా సాగుదారుకు కార్డివ్వాలి. ఆ కార్డు మీద ఇచ్చే పంట రుణానికి ప్రభుత్వమే హామీ నిలవాలి. తిరగరాసిన పాత బాకీలను కొత్త రుణాల కింద చూపకుండా, కౌలురైతు చేతికి ముట్టిన సొమ్మెంతో బ్యాంకు శాఖల వారీగా ప్రకటించాలి. సర్కారు అప్పు లెక్క ప్రతి బుధవారం పైసలతో సహా బయటికొస్తోంది. సాగుదారు అప్పు లెక్క కనీసం పంటకొక్కసారి బయటికి రావద్దా?