వలిసెచేను గట్టు మీద

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మేష్టారొకరున్నారు. నాకంటె పాతికేళ్లు పెద్ద. నన్ను "ఏమోయ్, తెలుగు పంతులూ" అని పిలుస్తారు. నేనాయన్ని "మేష్టారూ" అంటాను. మా మధ్యనున్న చనువూ, తగువూ కూడా ఆ పిలుపుల్లోనే వున్నాయి.

మేష్టారు నిరుడు కొడుకు దగ్గరికని ఇంగ్లండు వెళ్లి ఆరు నెలలుండి వచ్చారు. కొడుకు కాపురం యార్క్‌షైరులో. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మేష్టారి నోట మూర్ల మాట తప్ప మరో మాట లేదు. మూరు అంటే బెత్తెడు, మూరెడు అనే మూర కాదు లెండి. ఎత్తయిన బయలు. చెట్టన్నది వుండదు. కనుచూపు మేరా హెదర్ అనే పొద. ఆగస్టు వచ్చేసరికి ఆ పొదంతా వంకాయరంగు పూలు పూసి, కొండకి చీర కట్టినట్టుంటుందట. ఎమిలీ బ్రాంటీ 1847లో అచ్చువేసిన 'వదరింగ్ హైట్స్' నవలంతా నడిచేది ఆ గాలిలోనే. మేష్టారు ఆ నవల ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పారు గాని, ఆ నేల కంటితో చూడటం అదే మొదలు. అంచేత ఆయన పొంగిపోవడంలో తప్పులేదు. తప్పల్లా ఆ తరవాతి మాటలో వుంది.

"అటువంటిది మనకి లేదోయ్. అక్కడ వున్నది ప్రకృతి. మన దగ్గర వున్నది జనం."

నాకు ఒళ్లు మండింది. "కార్తీకమాసం రానివ్వండి, అరకు తీసుకెళతాను" అన్నాను.

అన్నమాట ప్రకారం, వలిసెలు పూతమీద వున్న రోజు చూసి, విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కాం. ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. బైలడిల్లాలో తవ్విన ఇనుపరాయి విశాఖ రేవుకి దింపి జపానుకు పంపడానికని, ఆ జపాను సాయంతోనే 1960 దశకంలో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. శివలింగపురం దాటాక చెవులు దిబ్బళ్లు వేస్తాయి. త్యాడ, చిమిడిపల్లి అని స్టేషను పేర్లు చదువుకుంటూ, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు వేసే కుర్రాళ్లతోపాటు మేష్టారు కూడా ఒక కేక వేశారు. 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ, పెద్ద లైన్లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషనని బోర్డు పెట్టుకుని చాలాకాలం గర్వపడింది. కాశ్మీరు లోయలో రైలు పడ్డాక ఆ గౌరవం పోయింది. బోడికొండల మధ్య దాని అందం మాత్రం పోలేదు.

అరకులో దిగేసరికి కార్తీక వనభోజనాల వాళ్లు మాకంటె ముందే వచ్చి వున్నారు. ఉసిరి చెట్టు దొరికినవాళ్లు ఉసిరి కింద, దొరకనివాళ్లు బస్సు నీడన. పులిహోర వాసన, మైకు పాట, గాలికి ఎగిరే కాగితం ప్లేట్లు. ఈ కొండల్లో అడ్డాకు తీగ అంతంత ఆకులు కాస్తుంటే, విస్తళ్లు కుట్టి సంతలో అమ్ముతుంటే, కిందనించి కాగితం ప్లేట్లు మోసుకొచ్చే వాళ్లని ఏమనాలో నాకు తెలియదు. మేష్టారు నా మొహం చూసి నవ్వారు. "చెప్పానా, జనం!" అన్నారు. నేను జవాబు చెప్పక, ఆయన్ని వూరి వెనక దారిని రెండు మైళ్లు నడిపించాను.

మలుపు తిరగ్గానే వలిసెచేలు. కొండ వాలు మొదలుకొని గెడ్డ ఒడ్డు దాకా పచ్చని పసుపు. పొద్దుతిరుగుడు పువ్వుని అరచేతిలో ఇమిడేటట్టు చిన్నది చేస్తే ఎట్లా వుంటుందో వలిసెపువ్వు అట్లా వుంటుంది. మేష్టారు కాసేపు మాట్లాడలేదు. తరవాత సెల్లు ఫోను తీసి, చేన్లోకి ఒక అడుగు వేశారు.

"బాబూ, గట్టు మీదే వుండండి. ఫొటోకి ఇరవై రూపాయలు."

గట్టు మీద రాతి పక్కన ఒక ముసలమ్మ కూర్చుని వుంది. ముక్కుకి మూడు పోగులు, పక్కన ఏడెనిమిదేళ్ల మనవడు. మేష్టారికి కోపం వచ్చింది. "పువ్వుని చూడటానికి కూడా డబ్బులా? మూర్ల మీద మైళ్లకి మైళ్లు తిరిగాను. ఒక్కడు పైసా అడగలేదు!"

"సూత్తే ఊరికే బాబూ," అంది ఆవిడ. "తొక్కితేనే డబ్బులు. తొక్కిన మొక్క గింజ కట్టదు."

చెయ్యి చాపి చూపించింది. చేను నడిమధ్య ఎద్దు పడుకుని లేచినట్టు ఒక మడత. మొన్న ఆదివారం ఎవరో దంపతులు అక్కడ పడుకుని ఫొటోలు తీయించుకున్నారట. మేష్టారు వేసిన అడుగు వెనక్కి తీసి, జేబులోంచి ఇరవై రూపాయలు తీశారు. ఆవిడ తీసుకుని కొంగున ముడేసుకుని, ఇక మేమామె చుట్టాలమైనట్టు కబుర్లలోకి దిగింది.

మనవణ్ణి మధ్యమధ్య గదమాయిస్తున్నది తెలుగులో కాదు. వాళ్లు కొండదొరలు, ఆ భాష కూబి. తెలుగు పంతుల్ని గనక నా చెవి అటే వుంది. మనం చెఱువు, ఏఱు, గుఱ్ఱం అని బండి ర రాయడం మానేసి చాలాకాలమైంది. ఆ ధ్వని భేదం కూబి మాట్లాడేవాళ్ల నోట బతికే వుందని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో వచ్చిన తన పుస్తకంలో చూపించారు. కావ్యం పాఠం చెప్పేటప్పుడు నేను నల్లబల్ల మీద రాసి చూపించే అక్షరం, ఇక్కడ కుర్రాడు మేకని తోలుతూ పలుకుతున్నాడు కాబోలు.

చేనంతా తేనెటీగల రొద. వలిసెపువ్వుకి తన పుప్పొడితో తనకి గింజ పట్టదు. పక్క మొక్క పుప్పొడి తేనెటీగ మోసుకురావాలి. హెదర్ పూచే కాలానికి తేనెటీగల పెట్టెలు బండ్ల మీద మూర్లకి తోలుకుపోతారని మేష్టారు చెప్పారు. "ఇక్కడా చూశాను ఆ పెట్టెలు, ఆ మలుపు దగ్గర" అన్నాను. ఆయన ఊఁ అన్నారు. ఆ ఊఁలో కాస్త మెత్తదనం వచ్చింది.

నేను సందు దొరికింది కదా అని అడిగాను. "మేష్టారూ, అంత వానపడే దేశంలో ఆ మూరు మీద చెట్లెందుకు లేవు?"

ఆయన నిజాయితీ గల మనిషి. ఉన్నది చెప్పారు. వేల ఏళ్ల కిందట అక్కడ అడవే వుండేదట. మనుషులు నరికి, కాల్చి, పశువుల్ని తోలారు. ఆపైన గొర్రెలు మొలకని బతకనివ్వలేదు. ఇప్పుడు గ్రౌజ్ అనే అడవికోడి కోసం చలికాలంలో పాయలు పాయలుగా హెదర్ని తగలబెడతారు. లేత చిగురు వస్తే కోడి మేస్తుంది. ఆగస్టు 12 నించి దొరలు తుపాకులు పట్టుకుని ఆ కోడిని కాలుస్తారు.

"అయితే అదీ పోడేనన్నమాట" అన్నాను.

మేష్టారు గట్టు మీద చతికిలబడి, "అనవచ్చు" అన్నారు.

నేను గెలిచానని చంకలు గుద్దుకోలేదు. ఎందుకంటే పోడు సంగతి నాకూ తెలుసు. వేసవిలో కొండ నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లి, రెండు మూడు పంటలు తీసి కొండని మళ్లీ అడవికి వదిలెయ్యడం పాత పద్ధతి. జనం తక్కువ, కొండ ఎక్కువ అయినంతకాలం అది నడిచింది. విరామం తగ్గిపోయాక వానకి మట్టి జారి రాయి తేలింది. శిమిలిగుడ దగ్గర మనం ముచ్చటపడే బోడికొండల్లో కొన్ని అట్లా బోడి అయినవే. ఆ వాలుల మీదికే కాఫీ వచ్చింది. నీడకి ఆస్ట్రేలియా నించి వచ్చిన సిల్వర్ ఓకు, దాని మీదికి మిరియం తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంచేత మేష్టారన్న ప్రకృతి ఇక్కడా లేదు, అక్కడా లేదు. ఎవరో ఒకరి కష్టమే కొండకి రంగు పూసింది.

ముసలమ్మ మా ఇంగ్లీషు ముక్కలు వింటూ, "గింజ సూత్తారేటి?" అని ఇంటికి పిలిచింది. పెంకుటిల్లు, ఎర్రమట్టి అరుగు. చూరుకి వేలాడే సొరకాయ బుర్రలోంచి విత్తనానికని దాచిన వలిసెలు గుప్పెడు తీసి మేష్టారి అరచేతిలో పోసింది. నల్లగా, నిగనిగలాడుతూ, సూదిమొన ఇనప తునకల్లా వున్నాయి. వీటి నూనె కూరలోకి, దీపంలోకి.

మేష్టారు వాటిని చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు.

"ఒరేయ్, ఇవి మా వాడి పెరట్లో వున్నాయి!"

ఏళ్లు గడిచాక నన్ను 'ఒరేయ్' అన్నది అప్పుడే. కొడుకు పెరట్లో ఒక కొమ్మకి సన్న చిల్లుల గొట్టం వేలాడదీశాడట. దాన్లో ఈ గింజలే పోస్తాడట. ఎర్రమొహం, పసుపు రెక్కల గోల్డ్‌ఫించ్ పిట్టలు బారులు తీరి వచ్చి తింటాయట. సంచీ మీద నైగర్ అని వుంటే ఏ నైజీరియా నించో వచ్చి వుంటుందని ఈయన అనుకున్నారు. నైగర్ అంటే మన వలిసే. మన దేశం నించి ఓడలకెక్కి అమెరికాకి, ఐరోపాకి పిట్టల తిండికని పోతుంది.

సంగతి ఆవిడకి చెప్పాం. ఆవిడ చాలాసేపు నవ్వింది. "పిట్టలకి కొని పెడతారా? మా పిట్టలు అడక్కుండానే తింటాయి" అని చూరు కేసి చెయ్యి విసిరింది.

ఆ విసురుకి పెంకుల మీదనించి రెండు పిచ్చుకలు లేచి కంపమీద వాలాయి. ముదురు గోధుమ రంగు టోపీ, తెల్లని చెంప మీద నల్ల చుక్క. పట్నం పిచ్చుకకి ఆ చుక్క వుండదు. మేష్టారే ముందు గుర్తుపట్టారు. యార్క్‌షైరులో పొరుగింటి ముసలాయన దీని కోసం బైనాక్యులర్సు పెట్టుకుని తిరుగుతాడట. ఇంగ్లీషు పొలాల్లో మామూలుగా వుండే ఈ చెట్టుపిచ్చుక, 1970కీ 2008కీ మధ్య బ్రిటన్‌లో నూటికి 93 వంతులు తగ్గిపోయింది. మన దేశంలో అది హిమాలయాల పిట్ట. అటువంటిది వందల మైళ్ల ఎడం విడిచి ఈ తూర్పు కనుమల్లో కూడా వుందని విశాఖపట్నం పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు, ట్రెవర్ ప్రైస్ అనే ఇంగ్లీషాయనతో కలిసి 1973లో రాశారు. అది ఇక్కడికెట్లా వచ్చిందో ఆ పిచ్చుకనే అడగాలి.

పెద్ద జంతువుల మాట అడిగితే ఆవిడ పెదవి విరిచింది. చైత్రమాసంలో ఇటుకల పండగకి మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకి పోవడం ఆచారం. తన చిన్నతనంలో కణితినో, అడవిపందినో కావడి కట్టి తెచ్చేవారట. "ఇప్పుడు కాళ్లు నొప్పులు తెత్తారు" అంది. పనసపండు కాలానికి ఎలుగుబంటి మాత్రం తప్పకుండా వస్తుందట. కొండ గోరువంక పిల్లల్ని తొర్రలోంచి తీసి పట్నం వాళ్లకి అమ్మేవాడొకడు వచ్చేవాడనీ, ఇప్పుడు గోరువంకలూ తగ్గాయి, వాడూ రావడం లేదనీ చెప్పింది.

వచ్చేముందు మేష్టారు గెడ్డలో చేతులు కడుక్కున్నారు. నీళ్లు ఐసులా వున్నాయి. "కార్తీకంలో కూడా ఇంత ధార ఎక్కడిదోయ్?" అన్నారు. పైనున్న కొండ చూపించాను. ఈ కొండల్లో చాలావాటి నెత్తిన బాక్సైటు వుంది. అది బెజ్జాల రాయి. వాన నీరు పీల్చుకుని, నెలల తరబడి ఊటగా వదులుతుంది. గాలికొండ మీదా వుంది, జెర్రెల కొండల మీదా వుంది. దాని కోసం పోట్లాట కూడా పాతదే. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపట్ల గనుల లీజుల మీద సమత అనే సంస్థ నడిపిన కేసులో, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి గనులకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. జెర్రెల బాక్సైటు కోసం 2015లో వచ్చిన 97వ నంబరు జీవో, కొండల్లో జనం లేచి నిలబడితే, 2019లో రద్దయింది. రద్దయిన కాగితం మళ్లీ రాయడానికి సిరా చాలదా ఏం?

ముసలమ్మకి జీవో నంబరు తెలియదు. "ఆ కొండ తలకాయి తీసేత్తే గెడ్డ ఎక్కణ్ణించి వత్తాది బాబూ?" అని మాత్రం అడిగింది. మేష్టారు నా కేసి చూశారు. నేను గోస్తని సంగతి చెప్పాను. ఈ అనంతగిరి కొండల నీరే బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి దగ్గర నిలిచి, విశాఖపట్నం కుళాయిల్లోకి వస్తుంది. "పొద్దున మీరు తాగి వచ్చిన కాఫీలో నీళ్లు ఇవే అయివుండవచ్చు మేష్టారూ" అన్నాను. ఆయన గెడ్డలోంచి చేతులు తీసేసి, తడి చేతుల్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ వలిసెలు రుమాల్లో మూటగట్టి ఇచ్చింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "అది ఫొటోకి. ఇది గింజ" అంది.

ఆ సాయంత్రం రైల్లో మేష్టారు ఒక్క సొరంగంలోనూ కేక వెయ్యలేదు. ఇంటికి వెళ్లగానే కొడుక్కి ఫోను చేసి, పిట్టల గింజల సంచీ ఎక్కడిదో చదివి చెప్పమన్నారట. వాడు గరాజులో వెతికి చెప్పాడట, ఇథియోపియా అని. మేష్టారు వారం రోజులు నాతో ఆ మాట ఎత్తలేదు. చివరికి ఎత్తారు. నేను నవ్వి, వలిసెమొక్క పుట్టిల్లు ఇథియోపియాయేననీ, మన కొండలది మెట్టిల్లనీ చెప్పాను.

"మరి ముందే చెప్పొచ్చు కదోయ్, తెలుగు పంతులూ!" అన్నారు. రుమాల్లో గింజలు పెరట్లో చల్లారు. మొలిచాయి గాని, ఉప్పుగాలికో ఏమో, ఇంకా పూతకి రాలేదు.