అల మీద కాలి బలం

సర్ఫింగ్ పోటీలో దాదాపు సగం సమయం బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని వెనక్కి తోసుకుంటూ సాగడానికే పోతుంది. అల మీద నిలబడేది మొత్తం సమయంలో పదో వంతు కూడా ఉండదు. మార్కులు మాత్రం ఆ కాసేపటికే. ఐదుగురు న్యాయనిర్ణేతలు ఒక్కో అలకు పదికి ఇన్నని వేస్తారు. ఎక్కువదీ తక్కువదీ తీసేసి, మిగతా మూడింటి సగటు లెక్కిస్తారు. వాళ్లు చూసేవాటిలో వేగం, బలం, ఒడుపు ముఖ్యం.

ఆ బలం చాలావరకు కాళ్లదే. అల అడుగున తిరిగే 'బాటమ్ టర్న్' చూస్తే తెలుస్తుంది. మోకాళ్లు బాగా వంగుతాయి, వెనక పాదం బోర్డు తోకను నొక్కుతుంది, అంచు నీళ్లలోకి దిగబడుతుంది. మలుపు విసురుకు తొడలు తట్టుకోవాలి. మరుక్షణమే కాళ్లు చాపి బోర్డును అల కొసకు తోయాలి. తొడలు లొంగితే వేగం అక్కడే చస్తుంది. కాళ్ల బలం, గెంతే సత్తా ఎక్కువున్న సర్ఫర్లు మలుపులు మెరుగ్గా తీస్తారని పరిశోధనలూ చెబుతున్నాయి.

గాలిలోకి లేచే విన్యాసాల్లో అసలు పరీక్ష దిగేటప్పుడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల సర్ఫింగ్‌లో తొలి స్వర్ణం గెలిచిన బ్రెజిల్ సర్ఫర్ ఇతాలో ఫెరీరాకు పేరు తెచ్చినవి ఇవే. దిగేటప్పుడు చీలమండ, మోకాలు, తుంటి కలిసి వంగి ఆ తాకిడిని మింగాలి. చీలమండ బిగుసుకుపోతే భారం మోకాలి మీద పడుతుంది.

సరైన అలను పట్టలేనివాడికి ఎంత కండ ఉన్నా దండగే. అది పట్టగలిగేవాళ్ల మధ్య మాత్రం తేడా తెచ్చేది కాళ్లే.