మసకలోనూ పడవ కనిపించాలి

పుదుచ్చేరికి దక్షిణాన, అరికమేడు పక్కనే ఉన్న మత్స్యకారుల ఊరు వీరాంపట్టినం. అక్కడి తీరంలో ఓ ఉదయం వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని ఇరవై అడుగుల దూరం నుంచి 200 ఎం.ఎం. లెన్స్‌తో ఫొటో తీశాను. ముఖంలో ప్రతి ముడతా స్పష్టం, వెనకంతా మీగడలాంటి మసక. గర్వంగా కెమెరా తెర చూపించాను. ఆయన కాసేపు చూసి తమిళంలో ఒక్కటే అడిగారు: "తంబీ, నా పడవేదీ?"

పడవ ఆయన వెనకే ఉంది. ఫ్రేములోకి మాత్రం దాని పక్కభాగంలో ఓ ముక్కే వచ్చింది, అదీ నీలం మరకలా. 2004 డిసెంబర్ 26న సునామీ తాకిన తీరమిది. ఇక్కడ పడవను ఉత్త నేపథ్యం అనుకోవడం నా తప్పే.

మనిషిని విడిగా చూపిస్తూనే పడవనూ నిలబెట్టుకోవాలంటే వైడ్ యాంగిల్ లెన్సే దారి. వైడ్‌లో మసక రాదన్నది చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 ఎం.ఎం. లెన్స్ తగిలించి, ఎఫ్/8 పెట్టి ఎనిమిది అడుగులకు ఫోకస్ చేస్తే నాలుగడుగుల నుంచి దిగంతం దాకా అంతా స్పష్టమే. వార్తా ఫొటోగ్రాఫర్లకు అన్నం పెట్టిన చిట్కా ఇది. ఆడి మాసం ఐదో శుక్రవారం ఈ ఊళ్లో సెంగళునీర్ అమ్మన్ తేరు లాగేటప్పుడు, ఆ జనసందోహంలో నేనూ దాన్నే నమ్ముకుంటాను.

అదే లెన్స్‌ను ఎఫ్/1.4కి తెరిచి పది అడుగుల దూరంలో నిలబడితే ఎనిమిది నుంచి పన్నెండున్నర అడుగుల దాకా స్పష్టంగానే ఉంటుంది. మసక ఉన్నా లేనట్టే. రెండడుగుల దగ్గరకు జరగండి. ఇప్పుడు స్పష్టంగా మిగిలేది రెండంగుళాల మందం. కంటికి ఫోకస్ చేస్తే చెవి మెత్తబడుతుంది. వెనక పడవ మసకబారుతుంది గానీ దాని ఆకారం, రంగు పోవు. టెలిఫొటో వెనకున్న చిన్న ముక్కను పెద్దది చేసి ఫ్రేమంతా పరుస్తుంది. వైడ్‌లోనైతే తీరమంతా చిన్నదై ఇముడుతుంది. అదే తేడా.

ఇబ్బందులూ ఉన్నాయి. మరీ దగ్గరకెళ్తే ముక్కు పెరుగుతుంది, ముఖం అంచుకు చేరితే సాగుతుంది. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ 100 పెట్టినా ఎఫ్/1.4కి సుమారు 1/12800 సెకను షట్టర్ కావాలి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 1/8000 దాటదు. కాంతిని ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడండి, లేదా పొద్దెక్కకముందే వెళ్లండి. ఇక మొబైల్ పోర్ట్రెయిట్ మోడ్‌లోని మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ వేసిన లెక్క. వల కన్నుల దగ్గర ఆ లెక్క తరచూ తప్పుతుంది.

అన్నట్టు, నేపథ్యాన్ని తీసేయడానికి మసకే అక్కర్లేదు. సునామీ తర్వాత రెండ్రోజులకు, ఇక్కడికి దక్షిణాన ఉన్న కడలూరులో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ ఆర్కో దత్తా తీసిన చిత్రంలో ఇసుకపై రోదిస్తున్న మహిళ, అంచున మృత బంధువు చెయ్యి మాత్రమే కనిపిస్తాయి. 2004 వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం దానికే దక్కింది. అక్కడ కెమెరా కిందికి చూసింది, అంతే.

రెండడుగుల నుంచి దొంగచాటుగా ఫొటో తీయలేం. లెన్స్ మార్చుకుని పెద్దాయన్ని అడిగాను. ఆయన వల పక్కనపెట్టి, పడవ కనిపించేలా కాస్త జరిగి కూర్చున్నారు.